ఒక వాల్వు, ముప్పై నాలుగు సంబంధాలు

"మాకు సంబంధం లేదు" అనే మాటను తక్కువగా చూడకండి. మా పురపాలక సంఘం అరవై ఏళ్ళుగా నిలబడింది ఆ మాట మీదే. కప్పు కారింది, గోడలు నెర్రెలిచ్చాయి, మెట్ల మీద గచ్చు లేచిపోయింది. ఆ మాట మాత్రం చెక్కుచెదరలేదు. మోరీ నిండిందని ఎవరైనా వస్తే ఇంజినీరింగు వాళ్ళు ఆ మాట అనేవారు, శానిటేషను వాళ్ళూ అదే అనేవారు. వచ్చినవాడు రెండు గదులూ తిరిగి ఇంటికి వెళ్ళి, తన మోరీ తనే తీసుకునేవాడు. ఎవరికీ కష్టం కలగలేదు.

నా పేరు దత్తాద్రి. ఇన్‌వార్డు గుమస్తాను. జనం తెచ్చిన అర్జీ తీసుకుని ముద్ర వేసేది నేనే కాబట్టి, ఆ మాట అందరికన్నా ముందు అనే హక్కు కూడా నాదే. ఇరవై ఆరేళ్ళు అన్నాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నా అంత మర్యాదగా అనగలిగినవాడు మా జిల్లాలో లేడు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎండ చల్లబడ్డాక వెళ్ళండని చెప్పి మరీ అనేవాణ్ణి.

అలాంటి మాటను మా కమిషనరు శశిభూషణ్ గారు ఒక్క సర్క్యులరుతో నిషేధించారు.

ఆయన తప్పేం లేదు. ఆయన్ని ఐదు రోజుల శిక్షణకు పంపారు. ఎక్కడో కొండ మీద, చల్లటి చోట, "సమగ్ర వ్యవస్థా దృష్టి" అని దాని పేరు. ఈ లోకంలో ప్రతిదీ మిగిలిన ప్రతిదానితోనూ ముడిపడి ఉంటుందని, ఏ సమస్యనూ విడిగా చూడకూడదని అక్కడ నేర్పారట. అక్కడ ఇంకేం పెట్టారో తెలియదు గానీ, కొండ దిగేసరికి మనిషి మారిపోయారు. ఇదివరకు గదిలో ఫ్యాను ఆగిపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచేవారు. ఇప్పుడు ఫ్యాను కింద నిలబడి, ఇది ఆగిపోవడం వెనక ఏయే శక్తులు పరస్పరం పనిచేస్తున్నాయోనని ఆలోచించడం మొదలుపెట్టారు. చెమట కారుతున్నా ఆలోచించారు.

సోమవారం పొద్దున సిబ్బంది నలభై మందినీ ఆవరణలో గుండ్రంగా నిలబెట్టారు. సుతిలి ఉండ ఒకటి నా చేతికిచ్చి, కొస నేను పట్టుకుని, ఉండను నాకు పని సంబంధం ఉన్నవాళ్ళకు విసరమన్నారు. నేను ఇంజినీరింగుకు విసిరాను, వాళ్ళు పన్నుల వాళ్ళకు విసిరారు. అలా అరగంటలో మా మధ్య పెద్ద వల తయారైంది. కమిషనరు ఒక తాడు లాగారు. అందరం ఊగాం. "చూశారా, ఎవరూ విడిగా లేరు," అన్నారు గద్గదంగా. మా శానిటరీ ఇన్‌స్పెక్టరు జంగయ్య గారికి షుగరు. ఆయన అప్పటికే రెండు కాళ్ళ మీద మార్చి మార్చి నిలబడుతున్నారు. ఒక్క నిమిషం వెళ్ళొస్తానని అడిగితే, "వ్యవస్థ నుంచి ఒక అంశం వైదొలగితే ఏం జరుగుతుందో అందరూ గమనించండి," అని కమిషనరు అనుమతించారు. జంగయ్య గారు ఆగే స్థితిలో లేరు. తాడు వదలకుండానే పరుగెత్తారు. ఆయన వెనకాల తొమ్మిది మందిమి బాత్రూము తలుపు దాకా వెళ్ళాం.

సాయంత్రానికి సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సమస్త విషయములును పరస్పర సంబంధితములై యున్నందున, 'సంబంధము లేదు' అను పదబంధమును వ్రాతపూర్వకముగా గాని, నోటిమాటగా గాని వాడుట క్రమశిక్షణా ఉల్లంఘనగా పరిగణించబడును." దాని మీద ముద్ర వేసింది కూడా నేనే.

మర్నాడే ఎల్లవ్వ వచ్చింది.

ఎల్లవ్వది మేదరివాడ. ఊరి చివర గుట్టవారన ఉన్న పదహారు ఇళ్ళు. వెదురుతో గంపలు, చాటలు, తట్టలు అల్లుతారు. ఆమెకు యాభై ఐదు దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. నాకు కొత్త కాదు. వీధి దీపమనీ, మోరీ అనీ ఇరవై ఏళ్ళుగా వస్తూనే ఉంది, నేను మర్యాదగా పంపిస్తూనే ఉన్నాను. ఈసారి నల్లా. వాడకు నీళ్ళు మళ్ళించే వాల్వులో కడ్డీ విరిగిపోయింది. నాలుగు రోజులుగా చుక్క లేదు. తాగడానికి ఎక్కడో బోరింగు నుంచి మోసుకొస్తున్నారట. కానీ వెదురు నానబెట్టాలంటే తొట్ల కొద్దీ కావాలి. బతుకమ్మ పండుగకు ఇక మూడు వారాలే ఉంది. ఊళ్ళో ఆడవాళ్ళు పూలు పేర్చడానికి సిబ్బి కొంటారు, అంటే వెదురు పళ్ళెం. ఏడాది పొడుగునా ప్లాస్టిక్ తట్టలు కొనే జనం ఆ ఒక్క పండుగకే మేదరివాడ మెట్లెక్కుతారు.

"నానకుంటే బద్ద వంగది సారూ, పటుక్కున ఇరుగుతది. ఈ పండుగ పోతే మాకు మల్ల వచ్చే ఏడాదే," అంది ఎల్లవ్వ.

పాత రోజుల్లో అయితే ఏమయ్యేదో చెబుతాను. నేను సంబంధం లేదనేవాణ్ణి. ఇంజినీరింగు వాళ్ళూ అనేవారు. ఎల్లవ్వ వరండాలో నిలబడి మా అందరినీ తిట్టి, టీ కొట్టు దగ్గర సాయిలును పట్టుకునేది. సాయిలు అంటే ఊరికి నీళ్ళు వదిలే మనిషి. తన సంచిలోంచి ఏదో ఒక కడ్డీ తీసి పొద్దుగూకేలోగా బిగించేవాడు. పని అయిపోయేది. మా ఆఫీసు చెయ్యి దానికి తగిలేది కాదు కాబట్టి అయిపోయేది.

ఇప్పుడు అలా కుదరదు. ఎల్లవ్వను కూర్చోబెట్టి "సంబంధాల ప్రశ్నావళి" తీశాను. పదకొండు పేజీలు. ఆమెకు చదువు రాదు కాబట్టి నేనే చదివి నింపాలి. మొదటి మూడూ బాగానే నడిచాయి. నాలుగో ప్రశ్న, "మీకు ఎవరెవరితో సంబంధములు గలవు? వివరముగా పేర్కొనుడు."

ఎల్లవ్వ సర్దుకుని కూర్చుంది. "సంబంధాలా? మా పెద్దపిల్లను చింతలగుట్టకు ఇచ్చినం. పిల్లగాడు ఆటో నడుపుతడు, మంచోడే. చిన్నదానికి ఇప్పుడే చూస్తలేము, ఇంటరు సదువుతున్నది. ఎవలన్న ఉన్నరా సారూ మీ ఎరుకల?"

ఆమె పెళ్ళి సంబంధాల గురించి చెబుతోందని నాకు అర్థం కాకపోలేదు. కాని నా ఇరకాటం కూడా చూడండి. చింతలగుట్ట అల్లుడికీ మేదరివాడ వాల్వుకూ సంబంధం లేదని నేనంటే సర్క్యులరును ధిక్కరించినట్టు. పైగా ప్రశ్నావళి చివర, "అర్జీదారు చెప్పినది చెప్పినట్లు నమోదు చేయవలెను" అని ఉంది. నమోదు చేశాను. అల్లుడి పేరు, వియ్యంకుడి పేరు, ఊరు, ఆటో నంబరుతో సహా.

కమిషనరు అది చదివి కుర్చీలోంచి లేచారు. "దత్తాద్రి గారూ, చూశారా. నిరక్షరాస్యురాలు. వాల్వు గురించి అడిగితే కుటుంబ వ్యవస్థను మన ముందు ఆవిష్కరించింది. మనం శిక్షణకు వెళ్ళి నేర్చుకున్నది ఆమె నెత్తురులోనే ఉంది," అన్నారు. వాల్వు ఎప్పుడు బాగు చేయించమంటారని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది. వియ్యంకుడికి నోటీసు పంపమన్నారు, పంపాను.

ఆ తరువాత సమావేశ మందిరం గోడ మీద సంబంధాల పటం మొదలైంది. నడిమధ్యన మేదరివాడ వాల్వు బొమ్మ. దాని చుట్టూ మేకులు, మేకులకు రంగు దారాలు. ఎవరి విభాగానికి ఎన్ని సంబంధాలు తేలితే వాళ్ళకు అంత పెద్ద "వ్యవస్థా మిత్ర" ప్రశంసాపత్రం అని ప్రకటించారు. అంతే. అరవై ఏళ్ళు ఒక్క సంబంధమూ లేదన్నవాళ్ళు ఇప్పుడు ఒక్కటీ వదలనంటున్నారు. నీళ్ళు రాకపోతే జనం కుండల్లో నిల్వ పెడతారు, దోమలు పుడతాయి కాబట్టి వాల్వు తమదని జంగయ్య గారు వాదించారు. వెదురుతో నిచ్చెన చేస్తారు, నిచ్చెన ఎక్కి మేడలు కడతారు కాబట్టి తమదని టౌన్‌ప్లానింగు వాళ్ళు. బతుకమ్మకు పూలు కావాలి గనక పార్కుల వాళ్ళు. జనన మరణాల విభాగం రుక్మాబాయి గారు మాట తక్కువ మనిషి. నీళ్ళు తాగినవాళ్ళు పిల్లల్ని కంటారు, తాగనివాళ్ళు చస్తారు, ఎటు చూసినా నా రిజిస్టరేనని ఒక్క వాక్యంలో తేల్చి రెండు దారాలు కట్టించుకున్నారు. నల్లా గుంటలో కుక్కలు నీళ్ళు తాగుతాయని పశువైద్యుణ్ణి కూడా పిలిపించారు. కుక్కల పక్షాన ఆయన సంతకం పెట్టాలని నిర్ణయమైంది.

వారం తిరిగేసరికి ముప్పై మూడు సంబంధాలు తేలాయి. అందరూ సమ్మతి తెలిపితే గాని వాల్వు మీద చెయ్యి వెయ్యకూడదు. సమ్మతి తెలిపే ముందు ఒక్కొక్కరూ తమ సంబంధాల పటం వేరే గీసుకోవాలి. దారాలు గోడ దాటి, కిటికీ ఊచల మీదుగా, మెట్ల దాకా వచ్చాయి. జనం వంగి నడవడం నేర్చుకున్నారు.

ఎల్లవ్వ రోజూ వచ్చేది. వచ్చి గోడ వైపు చూసేది. ఒకరోజు కమిషనరు ఎదురైతే వాల్వు ఎప్పుడు బాగవుతుందని నేరుగా అడిగేసింది. ఆయన కోప్పడలేదు. చాలా ఓర్పుగా, "అమ్మా, వాల్వు కేవలం లక్షణం. మనం ఇప్పుడు మూలంలోకి వెళుతున్నాం," అన్నారు.

"మూలంల నీళ్ళు మస్తుగున్నయి సారూ. మా దాంక వస్తలేవు గంతే," అంది ఎల్లవ్వ. కమిషనరు దీన్ని కూడా రాయించి, పటంలో ఆకుపచ్చ దారంతో చేర్పించారు.

అసలు వాల్వు సంగతి తెలిసినవాణ్ణి ఒక్కసారి పిలిచి అడిగితే బాగుంటుందని, తొమ్మిదో రోజున, ఎవరికో తట్టింది. సాయిలును పిలిపించారు. పైన అడ్డపిడి ఉన్న నిలువెత్తు ఇనుప రాడ్డుతో వచ్చాడు. దాన్ని భూమిలోకి దించి తిప్పితేనే ఊళ్ళో ఏ వాల్వయినా తెరుచుకునేది. ఈ వాల్వు గురించి నీకేం తెలుసని అడిగారు. సాయిలు చెప్పాడు.

"మేదరివాడ ఎత్తు మీదుంటది సారూ. కింద నల్లాలన్ని బందైనంకనే దానికి ఇడవాలె. చింతచెట్టు కాడ మూడు చుట్లు తిప్పాలె. నాలుగు తిప్పితే బస్టాండు దిక్కు గుంజుతది, దవాఖానల సన్నగొస్తది. పొద్దుగాల దవాఖానకు, ఆటెన్క బడికి. శుక్రారం మసీదు కాడ జర ముందుగాల ఇడవాలె. ఆ కడ్డీ మారిస్తే అర్ధగంట పని."

కమిషనరు గారి కళ్ళు చెమర్చాయి. మనం గోడ మీద వెతుకుతున్న వ్యవస్థ మొత్తం ఈయన తలలో ఉందని, ఇన్నాళ్ళూ గుర్తించలేకపోయామని అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకేముంది, వెళ్ళి బాగు చెయ్యమంటారనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఆఫీసులో కూర్చున్నవాణ్ణి, నాకు బుద్ధి ఉండొద్దా.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. సాయిలును "సజీవ వ్యవస్థా జ్ఞాన భాండాగారము"గా ప్రకటించారు. ఇంత అమూల్యమైన భాండాగారాన్ని వీధుల్లో సైకిలు మీద తిరగనివ్వడం ప్రమాదకరమని, రేపు ఏ లారీయో గుద్దితే ఊరి వ్యవస్థే పోతుందని, ఆయన తలలోని జ్ఞానం మొత్తం రాసుకునేవరకు ఆఫీసు దాటి వెళ్ళకూడదని అందులో ఉంది. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, రాసుకోవడానికి ఇద్దరు మనుషులు. ఇనుప రాడ్డు "వారసత్వ సాధనము" కనుక దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. మరి తెల్లారి నీళ్ళు ఎవరు ఇడుస్తరని సాయిలు అడిగాడు. చాలా లోతైన ప్రశ్న అని మెచ్చుకుని అది కూడా రాసుకున్నారు.

తెల్లారి ఎవరూ ఇడవలేదు. పొరుగు సేవల కింద వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఏదో పట్టుకారుతో చింతచెట్టు దగ్గర తిప్పితే నాలుగు చుట్లు కాదు, ఏడు తిరిగింది. బస్టాండులో పైపు పగిలి ఫౌంటెన్ లేచింది. దవాఖానలో చుక్క లేదు. బడికి సెలవిచ్చారు. మా ఇంట్లో మా ఆవిడ బిందె పట్టుకుని నా వైపు చూసిన చూపు నేను చెప్పను. ఇన్నాళ్ళూ పదహారు ఇళ్ళ గోడు, ఇప్పుడు ఊరంతటి గోడు అయింది. కమిషనరు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. ఒక్క మనిషిని కదిలిస్తే ఊరంతా కదిలిందని, ఇంతకు మించిన నిరూపణ ప్రపంచంలో ఎవరికీ దొరికి ఉండదని పై అధికారులకు నివేదిక రాశారు. ఆఫీసు మీదికి వచ్చిన జనానికి తలా ఒక ప్రశ్నావళి ఇచ్చాం. నా బల్ల కనబడకుండా పోయింది.

ఆ గొడవలోనే చింతలగుట్ట నుంచి ఎల్లవ్వ వియ్యంకుడు గంగాధరి దిగాడు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో మేం పంపిన నోటీసు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. "మేదరివాడ వైఫల్యమునందు తమ సంబంధము ఎట్టిదో ఏడు రోజులలో వివరించుడు" అని ఉంది అందులో. పెళ్ళి మీద కోడలి తల్లి సర్కారుకు ఫిర్యాదు చేసిందనుకున్నాడు పాపం.

"ఆరేండ్ల సంది మంచిగున్నం గదా వదినె. ఏమన్న ఉంటే నాకు చెప్పాలె గని, మున్సిపాలిటీల ఏస్తవా?" అన్నాడు వరండాలో ఎల్లవ్వను చూసి.

ఎల్లవ్వకు తల తిరిగింది. ఆమె ఏడుస్తూ ఒట్లు పెట్టడం నేను మొదటిసారి చూశాను. ఇరవై ఏళ్ళలో నేను ఎన్నిసార్లు పంపేసినా ఏడ్వని మనిషి. నేనే మధ్యలో పడి, తప్పు నాదని, రాసింది నేనని వియ్యంకుడికి అరగంట నచ్చజెప్పాను. ఆయన పెద్దమనిషి. అంతా విని, మరి నన్నిప్పుడు ఏం చెయ్యమంటరని అడిగి, "నీళ్ళు ఇడువుండ్రి, నాకేం అడ్డం లేదు" అని రాయించి వేలిముద్ర వేసి వెళ్ళాడు. అలా పటంలో ముప్పై నాలుగో సంబంధం చేరింది, సమ్మతితో సహా. కమిషనరు ఆయనతో ఫొటో దిగారు.

పద్దెనిమిదో రోజుకు మిగిలిన సంతకాలన్నీ పూర్తయ్యాయి. పండుగ ఇంకా ఐదు రోజులు ఉంది. ఇక అయిపోయిందనుకున్నాం. అప్పుడు కమిషనరు గారు శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీసి ఆఖరి అధ్యాయం చదివారు. ఏ వ్యవస్థా తనను తాను చూసుకోలేదట. అందువల్ల ఈ సమస్యతో ఎలాంటి సంబంధమూ లేని వ్యక్తి ఒకరు ఫైలును పరిశీలించి ధ్రువీకరించాలి. ఆ తరువాతే సాయిలు విడుదల.

సంబంధం లేని వ్యక్తి కోసం ఊరంతా వెతికాం. బస్టాండులో దిగిన పరాయి డ్రైవరును పట్టుకొస్తే, అప్పటికే ఇక్కడి నీళ్ళతో కాచిన టీ తాగాడని తేలింది. రైల్వే స్టేషనులో పడుకునే ఒక సన్యాసికి ఇల్లూ వాకిలీ లేవని విని జంగయ్య గారు ఆటోలో తీసుకొచ్చారు. ఆయన గోడ మీది పటం చూసి చేతులు జోడించి, సృష్టి అంతా ఒక్కటేనన్నాడు. అనర్హుడని పంపేశాం. ఇంకా రెండు రోజులు అలాగే గడిచాయి. మూడు రోజులు మిగిలాయి.

ఆ మధ్యాహ్నం కమిషనరు నన్ను పిలిచారు. బల్ల మీద ఒక తెల్ల కాగితం, పక్కన నమూనాగా టైపు చేసిన ఒకే ఒక్క వాక్యం. "దత్తాద్రి గారూ, ఈ ఆఫీసులో ఆ విషయంలో అనుభవం మీకే ఉంది. ప్రత్యేక సందర్భం కాబట్టి నిషేధం సడలిస్తున్నాను. మేదరివాడ నీళ్ళతో నాకు ఏ సంబంధమూ లేదని మీ చేతితో రాసి సంతకం పెట్టండి," అన్నారు.

ఎంత పని. రోజుకు ముప్పైసార్లు అన్నవాణ్ణి. కలం తీశాను. తలుపు దగ్గర ఎల్లవ్వ నిలబడి ఉంది. ఎండు బద్దలతోనే అల్లే ప్రయత్నం చేసినట్టున్నారు. చంకలో ఒక సిబ్బి ఉంది, అంచంతా విరిగిపోయి. కుడిచేతి మూడు వేళ్ళకు పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి.

నా చెయ్యి కదల్లేదు. నిజం చెబుతున్నాను, కదల్లేదు. అబద్ధం రాయడానికి భయపడే రకం కాదు నేను. కాని ఆ వేళ్ళ ముందు కూర్చుని ఆ మాట అక్షరాల్లో పెట్టాలంటే ఒళ్ళంతా సిగ్గేసింది. నోటితో అన్నప్పుడు ఆ మాట గాలిలో పోయేది. ఎవరి మీద పడుతోందో నేనెప్పుడూ చూడలేదు.

ఎల్లవ్వ కాసేపు చూసి లోపలికి వచ్చింది. "రాయి సారూ. ఇరువై ఏండ్ల సంది నోటితోని చెప్పవడితివి, నేనేమన్న అన్ననా? ఇయ్యాల జర కాయితం మీద రాయి. మూడొద్దులున్నయి. ఇంటికి పది సిబ్బులన్న అల్లుకుంటం," అంది. కోపంగా కూడా అనలేదు. బతిమాలుతున్నట్టు అంది.

రాశాను. సంతకం పెట్టాను. అద్దాల బీరువా తాళం తీశారు. సాయిలు రాడ్డు భుజాన వేసుకుని, పన్నెండు రోజుల తరువాత సైకిలెక్కాడు. అర్ధగంట అన్నాడు గాని పాతిక నిమిషాలే పట్టింది. నేను వెనకే నడిచి వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో తెలియదు. నల్లాలు ముందు బుసబుసలాడాయి, తరువాత ఎర్రటి నీళ్ళు వచ్చాయి, ఆ తరువాత తేటవి. ఆడవాళ్ళు బిందెల జోలికి పోకుండా ముందు వెదురు కట్టలు ఈడ్చుకొచ్చి తొట్లలో పడేశారు. ఆ రాత్రి పదహారు ఇళ్ళలోనూ ఎవరూ పడుకోలేదని తరువాత విన్నాను. ఇంటికి పది కాలేదట గాని, ఏడెనిమిది అయ్యాయట.

మా పురపాలక సంఘానికి "ఉత్తమ అనుసంధానిత పట్టణం" జ్ఞాపిక వచ్చింది. దసరా సెలవుల తరువాత నాకు మెమో వచ్చింది. పటాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తుంటే బయటపడిందట. మా ఇల్లు కూడా మేదరివాడకు నీళ్ళు పోయే ఆ చింతచెట్టు వాల్వు కిందిదే. పైగా మా ఆవిడ ఏటా మేదరివాడ సిబ్బి మీదే బతుకమ్మ పేరుస్తుంది. అంటే నాకు రెండు సంబంధాలు ఉండగా ఒక్కటీ లేదని రాసి ఇచ్చాను. తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు రోజులలో వివరించుడని ఉంది.

ఇలాంటివాటికి జవాబు రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. పాత ఉత్తర్వులు, సడలింపులు, నోటిమాట ఆదేశాలు చూపించి నాలుగు పేజీలు రాసి బయటపడవచ్చు. మా ఆవిడ అదే రాయమంది. రాత్రంతా కూర్చుని ఐదు వాక్యాలు రాశాను.

"మేదరివాడ నీళ్ళతో నాకు ఏ సంబంధమూ లేదని నేను రాసి ఇచ్చినది అబద్ధం. ఒప్పుకుంటున్నాను. అంతకుముందు ఇరవై ఆరేళ్ళు నోటితో చెప్పినవి కూడా అబద్ధాలే. వాటికి ఎవరూ సంజాయిషీ అడగనందున ఇవ్వలేదు. చిత్తగించవలెను."

నన్ను ఇన్‌వార్డు నుంచి తీసేశారు. వెనక పాత రికార్డుల గదిలో, మనిషి కంటపడని చోట కూర్చోబెట్టారు. ఇక పని ఉండదు, పింఛను దాకా పేపరు చదువుకోవచ్చనుకున్నాను. కాని ఆ ఐదు వాక్యాలూ ఆఫీసులో విని సాయిలు ఎవరికో చెప్పాడు, వాళ్ళు ఎల్లవ్వకు చెప్పారు, ఎల్లవ్వ గొంతు సంగతి మీకు తెలుసు. ఇప్పుడు ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా నేరుగా లోపలికొచ్చి, "సంబంధమున్న సారు ఏడ కూసుంటడు?" అని అడుగుతున్నారు. నిన్న ఒకామె కూలిన కల్వర్టు గురించి వచ్చింది. అర్జీ రాసుకుంటానంటే వినలేదు, కాయితం ఎందుకు సారూ, పా చూద్దువు అంది. చెప్పులు తొడుక్కుని ఆమె వెంట వెళ్ళాను.